జేఈఈ మెయిన్‌లో 92 వచ్చిందా? ఆగండి, అవి మార్కులు కావు

స్కోర్‌కార్డులో 92.4 కనబడగానే "నూటికి తొంభై రెండు" అని చుట్టాలకు ఫోన్లు చేసేయకండి, అది పర్సంటైల్. మీ షిఫ్టులో రాసిన ప్రతి వందమందిలో దాదాపు 92 మందికి మీ అంతో, అంతకంటే తక్కువో మార్కులొచ్చాయని అర్థం. షిఫ్టుకో పేపరు కదా, కష్టమైనది పడినవాళ్లు నష్టపోకూడదనే ఈ లెక్క.

ర్యాంకు అంచనా కావాలంటే 100 లోంచి మీ పర్సంటైల్ తీసేసి, రాసినవాళ్ల సంఖ్యతో గుణించి, వందతో భాగించండి. 14 లక్షల మంది రాస్తే 95 పర్సంటైల్‌కి వచ్చేది 70,000 దగ్గరి ర్యాంకు. 95 అంటే వినడానికి ఎంత ఘనంగా ఉంది, ర్యాంకు మాత్రం ఎక్కడుందో చూశారా!

ఇంకోటి, మూడు సబ్జెక్టుల పర్సంటైళ్లు కూడి మూడుతో భాగిస్తే టోటల్ పర్సంటైల్ రాదు, దాన్ని మొత్తం మార్కుల మీద విడిగా లెక్కేస్తారు. ఏడాదిలో రెండుసార్లు (రెండు సెషన్లు) జరిగే ఈ పరీక్షను రెండుసార్లూ రాస్తే మెరుగైన స్కోరే తీసుకుంటారు.