అలీ గెలుస్తాడా, జో లూయిసా? వాదనకు దిగేముందు తేల్చుకోవాల్సినవి

"టైసన్ అయితే అలీని రెండు రౌండ్లలో పడేసేవాడురా" అని, వేర్వేరు కాలాల బాక్సర్లను ఊహల్లో ఎదురెదురుగా దింపి వాదించుకునే మా వాళ్లలో ఎవరో ఒకరు మొదలుపెడతారు. నేను అవుననను, కాదనను. ఏ టైసన్ అని మాత్రం అడుగుతాను. 1988 జూన్‌లో మైకేల్ స్పింక్స్‌ను 91 సెకన్లలో ముగించిన టైసనా? 1990 ఫిబ్రవరిలో టోక్యోలో బస్టర్ డగ్లస్ దెబ్బకు కిందపడి, మౌత్‌గార్డ్ కోసం నేల తడుముకున్న టైసనా? ఈ రెండింటి మధ్య రెండేళ్లు కూడా లేవు.

ఇలాంటి వాదనల్లో తీర్పరి పని నా నెత్తిన పడుతుంటుంది. అందుకే నోరు తెరిచేముందే కొన్ని సంగతులు కాగితం మీద రాయిస్తాను. లేకపోతే గంటసేపు అరుచుకున్నాక తెలుస్తుంది, ఇద్దరూ వేర్వేరు పోటీల గురించి మాట్లాడుతున్నారని.

మొదట రాయాల్సింది తేదీ. పేరు ఒక్కటే చాలదు, ఫలానా రాత్రి రింగ్‌లోకి దిగిన మనిషి కావాలి. అలీ విషయంలో ఇది మరీ ముఖ్యం. 1966 నవంబర్‌లో హ్యూస్టన్‌లో క్లీవ్‌లాండ్ విలియమ్స్‌ను మూడు రౌండ్లలో ఓడించిన అలీ కాళ్లు నేల మీద ఆగవు. సైన్యంలో చేరనన్నందుకు 1967లో టైటిల్ లాక్కున్నారు, మళ్లీ రింగ్‌లోకి వచ్చేసరికి 1970 అక్టోబర్. ఆ మూడున్నరేళ్ల తర్వాత ఆ కాళ్లు మళ్లీ అలా తిరగలేదు. 1974లో కిన్షాసాలో జార్జ్ ఫోర్‌మన్‌ను గెలిచిన అలీ తాళ్లకు ఆనుకుని దెబ్బలు కాచుకున్నవాడు. అతనిది ఓర్పు, తెలివి. మా వాళ్లేమో 1966 కాళ్లు, 1974 గుండె కలిపి ఒక అలీని తయారుచేసి దింపుతారు. ఆ మనిషి ఏ రాత్రీ రింగ్‌లో లేడు. నేను ఒప్పుకోను.

తర్వాత రూల్స్. చాలామంది దీన్ని చిన్న విషయం అనుకుంటారు కానీ, సగం వాదనలు ఇక్కడే తేలిపోతాయి. 1941 జూన్‌లో బిల్లీ కాన్, అప్పటి హెవీవెయిట్ (అత్యధిక బరువు విభాగం) ఛాంపియన్ జో లూయిస్ మీదకు వెళ్లాడు. ప్రకటించిన బరువుల ప్రకారమే లూయిస్ కంటే పాతిక పౌండ్లు తక్కువ. పన్నెండు రౌండ్లు అయ్యేసరికి ఇద్దరు జడ్జీల పాయింట్ల కార్డుల్లో కాన్ ముందున్నాడు, మూడో కార్డు సమానం. పదమూడో రౌండ్లో నాకౌట్ కోసం ఎగబడి తనే నాకౌట్ అయ్యాడు. అదే ఇవాళ్టి పన్నెండు రౌండ్ల పోటీ అయితే బెల్టు కాన్‌ది. 1981 సెప్టెంబర్‌లో షుగర్ రే లెనార్డ్, థామస్ హెర్న్స్ పోటీ కూడా అంతే. పాయింట్లలో వెనకబడిన లెనార్డ్ పద్నాలుగో రౌండ్లో గెలిచాడు. పన్నెండుకే గంట కొట్టి ఉంటే చరిత్రలో హెర్న్స్ పేరు ఉండేది. 1982 నవంబర్‌లో రే మాన్సినీతో పద్నాలుగో రౌండ్‌దాకా పోరాడిన కిమ్ డుక్ కూ చనిపోయాకే పదిహేను నుంచి పన్నెండుకు తగ్గించడం మొదలైంది. కాబట్టి "ఎన్ని రౌండ్లు?" అని అడగకుండా ఒక్క అడుగు కూడా ముందుకు వేయకండి.

ఇంకా వెనక్కి వెళ్తే రూల్స్ మరీ మారిపోతాయి. 1919 జులై 4న టొలీడోలో జాక్ డెంప్సీ, జెస్ విల్లార్డ్‌ను మొదటి రౌండ్లోనే ఏడుసార్లు పడేశాడు. ఆ పోటీ ఫిల్మ్ చూడండి. విల్లార్డ్ మోకాళ్ల మీంచి లేస్తుంటాడు, డెంప్సీ పక్కనే కాచుకుని ఉంటాడు, పూర్తిగా నిలబడకముందే మళ్లీ కొడతాడు. పడేసినవాడు దూరంగా ఉన్న మూలకు వెళ్లాలన్న రూల్ అప్పుడు అమల్లో లేదు. 1927లో షికాగోలో అదే రూల్ డెంప్సీ కొంప ముంచింది. జీన్ టన్నీని పడేసి మూలకు వెళ్లడంలో ఆలస్యం చేశాడు, రిఫరీ లెక్క ఆలస్యంగా మొదలుపెట్టాడు, టన్నీ తేరుకుని లేచాడు. డెంప్సీని ఇవాళ్టి రింగ్‌లోకి తెస్తే పడినవాడి నెత్తి మీద నిలబడే ఆ అలవాటు పనికిరాదు. గ్లోవ్స్ బరువు, బరువు చూసేది పోటీ రోజునా ముందురోజునా అనేది కూడా రాసుకోవాలి. ముందురోజు చూస్తే ఒంట్లో నీళ్లు తగ్గించి, తెల్లారేసరికి మళ్లీ బరువెక్కి దిగుతారు. రింగ్‌లో కనిపించే మనిషి కాగితం మీది మనిషి కాదు.

రూల్స్ మీద రాజీ కుదరకపోతే నేను రెండు పోటీలు పెడతాను, ఒకటి ఆ కాలం రూల్స్‌తో, ఒకటి ఈ కాలం రూల్స్‌తో. రెండింట్లోనూ ఒకడే గెలిస్తే గొడవే లేదు.

ఒడ్డూ పొడుగూ దగ్గరికొచ్చేసరికి గొంతులు లేస్తాయి. రాకీ మార్సియానో 49 పోటీల్లో 49 గెలిచాడు. కానీ ఎత్తు ఐదడుగుల పది అంగుళాల పైచిలుకు, బరువు 185 పౌండ్ల ప్రాంతం. ఇవాళ అతను హెవీవెయిట్ కూడా కాదు, 200 పౌండ్ల లోపు ఉండే క్రూజర్‌వెయిట్. వెంటనే ఒకడంటాడు: "ఈ కాలంలో పుట్టి ఉంటే ఆ తిండి, ఆ జిమ్ములు ఉండేవి కదా, 220 అయ్యేవాడు." ఇక్కడే ఆపండి. మనిషిని ఉన్నవాణ్ని ఉన్నట్టు ఎత్తుకొచ్చి దింపడం వేరు, ఈ కాలంలో మళ్లీ పుట్టించడం వేరు. రెండోది ఒప్పుకుంటే ఎవరినైనా ఎలాగైనా మలుచుకోవచ్చు, ఇక వాదనకు అర్థం లేదు. నేను మొదటిదే ఆడిస్తాను. అలాగని బరువుతోనే అంతా తేలదు. 2024 మేలో ఒలెక్సాండర్ ఉసిక్ తనకంటే దాదాపు 40 పౌండ్లు ఎక్కువున్న ఆరడుగుల తొమ్మిది అంగుళాల టైసన్ ఫ్యూరీని ఓడించాడు. అయితే ఉసిక్ కూడా ఆరడుగుల మూడు అంగుళాల మనిషే, ఆ పేరు మార్సియానోకు అడ్డం పెట్టుకోవడం కుదరదు.

"వీడు వాణ్ని కొట్టాడు, వాడు ఇంకొకణ్ని కొట్టాడు, కాబట్టి వీడే గొప్ప" అనే లెక్క ఎవరైనా తీస్తే 1970ల హెవీవెయిట్లను ముందు పెట్టండి. 1971లో జో ఫ్రేజియర్ అలీని ఓడించాడు. 1973లో ఫోర్‌మన్ ఫ్రేజియర్‌ను రెండు రౌండ్లలో ఆరుసార్లు పడేశాడు. 1974లో అలీ ఫోర్‌మన్‌ను నాకౌట్ చేశాడు. అలీ దవడ విరగ్గొట్టి గెలిచిన కెన్ నార్టన్‌ను ఫోర్‌మన్ రెండే రౌండ్లలో పంపించేశాడు. శైలికి శైలి ఎదురుపడితే ఏమవుతుందో చూడాలి తప్ప ఈ గొలుసు పట్టుకుంటే ఎటూ తేలదు.

రెండు కాలాల మనుషులనూ ఎదుర్కొన్న బాక్సర్లు దొరికితే పనికొస్తారు, కానీ జాగ్రత్త. ఆర్చీ మూర్ 1955లో మార్సియానోను రెండో రౌండ్లో పడేసి తొమ్మిదో రౌండ్లో ఓడాడు, 1962లో అలీ చేతిలో నాలుగు రౌండ్లలో ఓడాడు. "చూశావా, అలీ త్వరగా ముగించాడు" అనకండి. అలీతో దిగేసరికి మూర్ నలభై ఐదేళ్ల దరిదాపుల్లో ఉన్నాడు.

ఫిల్మ్ చూసే పద్ధతి కూడా చెప్తాను. మూకీల నాటి ఫిల్మ్‌ను అసలు వేగానికి సరిచేసింది చూడండి. లేదంటే చార్లీ చాప్లిన్ పరుగుల్లా కనిపించి, ఆనాటి వాళ్లంతా చేతకానివాళ్లు అనిపిస్తుంది. సౌండ్ తీసేయండి, కామెంటేటర్ మన చెవిలో తీర్పు ఊదేస్తాడు. ఒక రౌండ్ మొత్తం కాళ్లు మాత్రమే చూడండి. ఇంకో రౌండ్ జాబ్ (ముందున్న చెయ్యి చాచి సూటిగా కొట్టే గుద్దు) కొట్టాక ఎడమచెయ్యి ఎక్కడికి వస్తోందో మాత్రమే చూడండి. మాక్స్ ష్మెలింగ్ చేసిన పని ఇదే. జాబ్ కొట్టాక లూయిస్ ఎడమచెయ్యి కిందకు జారుతుందని కనిపెట్టాడు, 1936లో ఆ సందులోంచే కుడిచేత్తో కొట్టి కొట్టి పన్నెండో రౌండ్లో పడేశాడు.

ఎవరో ఒకరు కంప్యూటర్‌నే అడుగుదామంటారు. 1970లోనే అడిగారు. మార్సియానోను, అలీని ముందే రింగ్‌లో దింపి నిమిషం నిమిషం రౌండ్లుగా షూటింగ్ చేశారు. మార్సియానో పదమూడో రౌండ్లో నాకౌట్‌తో గెలిచాడని తేల్చారు. యంత్రానికి అంకెలు అందించింది మనుషులే కాబట్టి ఆ తీర్పు నేను లెక్కలోకి తీసుకోను.

ఇప్పుడు ఒక పోటీ ఆడిద్దాం. 1938లో ష్మెలింగ్‌ను ఒకే రౌండ్లో చితక్కొట్టిన లూయిస్, 1966 నవంబర్ అలీ. పదిహేను రౌండ్లు. లూయిస్ చిన్న చిన్న అడుగులతో జరుగుతూ వస్తాడు, పాదం కుదురుకుంటే తప్ప కొట్టడు. కుదిరితే మాత్రం ఆ కుడిచెయ్యి జానెడు దూరం నుంచి కూడా మనిషిని పడేస్తుంది. అలీ ఎక్కువగా తన ఎడమవైపు తిరుగుతాడు, అంటే ఎదుటివాడి కుడిచేతి దిక్కుగా. పైగా చేతులు కింద పెట్టి తల వెనక్కి లాగుతాడు. మొదటి దెబ్బ తప్పుతుంది, లూయిస్ రెండోదీ మూడోదీ వెంటనే వేస్తాడు. 1963లో హెన్రీ కూపర్ ఎడమ హుక్‌తో (మోచెయ్యి వంచి పక్కనుంచి కొట్టే గుద్దుతో) అలీని కింద కూర్చోబెట్టాడు, లూయిస్‌కు ఆ హుక్ కూడా ఉంది. లూయిస్ వైపు వాదన ఇదీ, బలమైనదే. అవతలి పక్షం వాదన ఇంత బాగా చెప్పగలిగేదాకా మీ తీర్పు బయటపెట్టకండి.

అయినా నా ఓటు అలీకే, పాయింట్ల మీద, మధ్యలో ఒకసారి కిందపడి లేచి. తేలికైన కాన్ పన్నెండు రౌండ్లు తప్పించుకు తిరగగలిగితే, ఆరడుగుల మూడు అంగుళాలు, 210 పౌండ్లు దాటిన అలీకి పదిహేను పెద్ద కష్టం కాదు. కాన్ చేసినట్టు చివర్లో ఎగబడడు కూడా.

మా వాళ్లలో ఒకడు దీనికి బాబ్ పాస్టర్ పేరు తెచ్చాడు. 1937లో పాస్టర్ పది రౌండ్లూ లూయిస్ నుంచి తప్పించుకు తిరిగి, పాయింట్ల మీదే ఓడాడు. 1939లో మళ్లీ దిగితే లూయిస్ పదకొండో రౌండ్లో నాకౌట్ చేశాడు. ష్మెలింగ్‌తో రెండోసారి ఒక్క రౌండే పట్టింది. 1946లో కాన్ మళ్లీ వస్తే ఎనిమిదో రౌండ్లో అయిపోయింది. 1947లో జెర్సీ జో వాల్కాట్ రెండుసార్లు పడేసినా జడ్జీల దయతో బయటపడ్డ లూయిస్, మరుసటి ఏడాది అతన్ని పదకొండో రౌండ్లో నాకౌట్ చేశాడు. ఒకసారి ఇబ్బంది పెట్టినవాణ్ని రెండోసారి ఊరికే వదల్లేదు. అందుకే కాగితం మీద ఇంకో గీత గీసి, పోటీ ఒకటా రెండా అనేది కూడా రాయిస్తాను. అలీతో రెండో పోటీ పెట్టారంటే నేను లూయిస్ వైపు.