మేయర్ కావాలనుకుని మొదటిసారి బరిలోకి దిగేవారికి: నోటిఫికేషన్ రాకముందు నుంచే జాగ్రత్తలు

ఆంధ్రప్రదేశ్‌లో గానీ తెలంగాణలో గానీ మేయర్ పదవికి జనం నేరుగా ఓటు వెయ్యరు. 2002లో హైదరాబాద్ ఓటర్లు తీగల కృష్ణారెడ్డిని నేరుగానే ఎన్నుకున్నారు, ఆ పద్ధతి తర్వాత పోయింది. ఇప్పుడు ముందు ఒక డివిజన్‌లో కార్పొరేటర్‌గా గెలవాలి. ఆ తర్వాత కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు, అంటే తమ పదవి వల్లే కార్పొరేషన్‌లో ఓటున్న ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు కలిసి చేతులెత్తి మేయర్‌ను ఎన్నుకుంటారు. అంటే మీ ముందున్నవి రెండు ఎన్నికలు. కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది మొదటిదాన్ని చిన్నచూపు చూడటం వల్లే. ఊరంతా ‘కాబోయే మేయర్’ అని ఫ్లెక్సీలు కట్టించుకుని సొంత డివిజన్‌లో బూత్‌కు ఒక ఏజెంట్‌ను కూడా కూర్చోబెట్టలేని అభ్యర్థికి రెండో ఎన్నిక దాకా వెళ్లే అవకాశమే ఉండదు.

కింది లెక్కలు చాలావరకు 2020 జీహెచ్‌ఎంసీ (గ్రేటర్ హైదరాబాద్ మున్సిపల్ కార్పొరేషన్) ఎన్నికలవి. మీ కార్పొరేషన్ నోటిఫికేషన్‌లో అంకె వేరుగా ఉంటే దాన్నే పాటించండి.

ఉండే సమయం ఎంతో ముందే తెలుసుకోండి

ఆ ఏడాది నవంబర్ 17న నోటిఫికేషన్ వచ్చింది. 18 నుంచి 20 వరకు నామినేషన్లు, 21న పరిశీలన, 22 మధ్యాహ్నం 3 గంటల వరకు ఉపసంహరణ. 29 సాయంత్రం 6 గంటలకు ప్రచారం ముగిసింది, డిసెంబర్ 1న పోలింగ్ జరిగింది. తుది జాబితా తేలాక చేతిలో మిగిలింది ఏడు రోజులు. 150 డివిజన్లలో 74 లక్షలకు పైగా ఓటర్లు, అంటే డివిజన్‌కు దాదాపు 50 వేల మంది. ఇంటికి ముగ్గురు నలుగురు ఓటర్లనుకున్నా 13 వేల నుంచి 16 వేల గడపలు. రోజుకు రెండు వేల గడపలు తొక్కడం ఏ మనిషికీ సాధ్యం కాదు. అందుకే ఇంటింటి పరిచయం నోటిఫికేషన్‌కు కనీసం మూడు నెలల ముందే మొదలవ్వాలి. చివరి వారాన్ని మొగ్గు తేల్చుకోని వీధులకు, ఇంటికి ఆలస్యంగా చేరే ఉద్యోగుల అపార్ట్‌మెంట్లకు మిగుల్చుకోండి.

ఇంకో లెక్క కూడా వేసుకోండి. అప్పుడు పోలైంది సుమారు 46 శాతం, డివిజన్‌కు సగటున 23 వేల ఓట్లు. గట్టి పోటీదారులు ముగ్గురుంటే తొమ్మిది పది వేల ఓట్లతో గెలుపు దక్కవచ్చు. కాబట్టి 50 వేల మందినీ మెప్పించాలని పరిగెత్తడం కన్నా, తప్పకుండా వచ్చి మీకు ఓటేసే 10 వేల మంది పేర్లు బూత్‌ల వారీగా కాగితం మీద ఉండటం ముఖ్యం.

తేదీలు జరిగిపోవడానికి కూడా సిద్ధంగా ఉండాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 మార్చిలో నామినేషన్లు వేసిన మున్సిపల్ అభ్యర్థులు కరోనా వాయిదా వల్ల 2021 మార్చి 10 దాకా పోలింగ్ కోసం ఎదురుచూశారు. మొదటి వారంలోనే డబ్బంతా ఖర్చుపెట్టేస్తే అలాంటప్పుడు కోలుకోవడం కష్టం.

రిజర్వేషన్ రెండుచోట్ల అడ్డుపడుతుంది

డివిజన్‌కు ఒక రిజర్వేషన్, మేయర్ పదవికి ఇంకో రిజర్వేషన్. రెండు రాష్ట్రాల్లోనూ పట్టణ సంస్థల్లో సగం స్థానాలు మహిళలవి. 2020లో జీహెచ్‌ఎంసీ మేయర్ పీఠం జనరల్ మహిళకు కేటాయించారు. ఏళ్ల తరబడి తయారైన మగ అభ్యర్థి ఎంత బలవంతుడైనా ఆ ఒక్క గెజిట్‌తో మేయర్ పోటీ నుంచి తప్పుకోవాల్సిందే. మీ డివిజన్ కూడా ఇలాగే వేరేవారికి రిజర్వ్ కావచ్చు, అందుకే పక్క డివిజన్లు రెండింటిలో కూడా పని చేసి ఉంచండి. కార్పొరేషన్ పరిధిలో ఎక్కడ ఓటున్నా ఇంకో డివిజన్‌లో పోటీ చెయ్యవచ్చు. మిమ్మల్ని ప్రతిపాదించే వ్యక్తి మాత్రం పోటీ చేసే డివిజన్ ఓటరే అయ్యుండాలి. డివిజన్ల పునర్విభజనలో వీధులు అటూఇటూ మారతాయి కాబట్టి ప్రతిపాదకుడి పేరు తుది జాబితాలో ఏ డివిజన్‌లో, ఏ భాగంలో, ఏ వరుస సంఖ్యతో ఉందో మీరే చూడండి. నోటిమాట నమ్మి పాత సంఖ్య రాస్తే పరిశీలన రోజు చిక్కే.

రిజర్వుడు స్థానమైతే కుల ధ్రువీకరణ పత్రాన్ని మీసేవలో ముందే తీసుకోండి. పెళ్లయిన మహిళకు పుట్టింటి కులమే లెక్క. పత్రంలో తండ్రి పేరు, ఓటరు జాబితాలో భర్త పేరు, ఇంటిపేర్లు రెండు రకాలుగా ఉండటం మామూలే. రెండింటిలోనూ ఉన్నది మీరేనని చూపే ఆధారాన్ని జతచెయ్యండి.

నామినేషన్ చెల్లకుండా చేసే చిన్న కాగితాలు

కార్పొరేషన్‌కు మీరు బాకీ ఉండకూడదు. ఆస్తి పన్ను, కార్పొరేషన్ దుకాణం అద్దె, ట్రేడ్ లైసెన్స్ రుసుము, అన్నీ నెల ముందే కట్టి బాకీ లేదన్న ధ్రువపత్రం రాయించుకోండి. హైదరాబాద్‌లో అయితే రసీదు మీద పీటీఐఎన్ (ఆస్తి పన్ను గుర్తింపు సంఖ్య) మీ ఇంటిదేనా అని సరిచూడండి. వేరే ఇంటి సంఖ్యకు కట్టి, తమ పేరున బాకీ అలాగే నిలిచినవాళ్లు ఉంటారు. కార్పొరేషన్ పనుల్లో కాంట్రాక్టు గానీ వాటా గానీ ఉంటే అనర్హత వర్తించవచ్చు. పని పూర్తయింది, బిల్లు మాత్రమే రావాలి అనుకుని వదిలెయ్యకండి, మున్సిపల్ చట్టం తెలిసిన వకీలుకు ఆ కాగితాలు చూపించండి. ఇద్దరికి మించి పిల్లలున్నవారు పోటీ చెయ్యకూడదన్న నిబంధన ఆంధ్రప్రదేశ్‌లో 2024లో తొలగిపోయింది. మిగతా అనర్హతలను నోటిఫికేషన్‌తో వచ్చే చేతిపుస్తకంలో వరుసగా చదివి, ఒక్కోదాని పక్కన టిక్ పెట్టండి. వయసు మాత్రం 21 నిండితే చాలు.

అఫిడవిట్‌లో ఏ గడీ ఖాళీగా వదలకండి. లేకపోతే ‘లేదు’ అని, సంబంధం లేకపోతే ‘వర్తించదు’ అని రాయండి. అసలు ప్రమాదం కేసుల గడిలో ఉంది. ఎప్పుడో ధర్నాలో, రాస్తారోకోలో పెట్టిన కేసు మనకు గుర్తుండదు, ఎదుటివారి వకీలుకు మాత్రం తెలుస్తుంది. కోర్టు కేసుల వివరాలుండే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరును నాలుగు రకాల స్పెల్లింగ్‌లతో వెతికించండి. మీరు తిరిగిన స్టేషన్ల పరిధిలో ఆరా తీయండి. ఆస్తుల వివరాలు ఆదాయపు పన్ను రిటర్నులతో సరిపోవాలి. బంగారం గ్రాముల్లో రాయండి, భార్య లేదా భర్త, ఆధారపడినవారి ఆస్తులు విడిగా చూపండి. గెలిచాక కూడా ఎదుటివారు ఇదే కాగితం పట్టుకుని ఎన్నికల ట్రిబ్యునల్‌కు వెళ్తారు.

నామినేషన్‌ను చివరి రోజుకు ఉంచకండి. మొదటి రోజే ఒక సెట్టు వేసి, తప్పు బయటపడితే సరిచేసిన రెండో సెట్టు మర్నాడు వెయ్యండి. డిపాజిట్ రసీదు, ప్రమాణ పత్రం, అందినట్టు రిటర్నింగ్ అధికారి ఇచ్చే చీటీ, మూడింటి నకళ్లూ ఒకే ఫైల్‌లో ఉండాలి.

పార్టీ తరఫున అయితే ప్రాణమంతా బీ-ఫారంలోనే, అంటే మీరే తమ అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రంలోనే ఉంటుంది. ఉపసంహరణ గడువు, అంటే ఆ రోజు మధ్యాహ్నం 3 గంటల్లోపు అది రిటర్నింగ్ అధికారి చేతికి చేరాలి. టికెట్ మీదేనని రాత్రి దాకా చెప్పి పొద్దున ఇంకొకరికి బీ-ఫారం ఇవ్వడం ప్రతి ఊళ్లో జరిగేదే. అది రాకపోతే స్వతంత్రంగా నిలబడతారా, విరమించుకుంటారా అన్నది ఆ పూట ఆవేశంలో కాదు, వారం ముందే ఇంట్లో కూర్చుని తేల్చుకోండి. 3 దాటాక వెనక్కి తీసుకునే వీలుండదు.

గుర్తులు కేటాయించగానే, బ్యాలెట్‌లో మీ పేరు, గుర్తు ఎలా అచ్చవుతున్నాయో రాతపూర్వకంగా అడిగి చూడండి. 2020లో ఓల్డ్ మలక్‌పేట డివిజన్‌లో సీపీఐ అభ్యర్థి పేరు ఎదుట సీపీఎం గుర్తు అచ్చయింది. పోలింగ్ ఆపేసి డిసెంబర్ 3న మళ్లీ జరపాల్సి వచ్చింది. మీ పేరే ఉన్న మరో అభ్యర్థిని ఎవరైనా నిలబెడితే, ఇద్దరినీ వేరుగా గుర్తించే వివరం చేర్చమని వెంటనే దరఖాస్తు ఇవ్వండి.

డబ్బు

2020లో జీహెచ్‌ఎంసీ అభ్యర్థి ఖర్చు పరిమితి 5 లక్షలు. 50 వేల ఓటర్లతో భాగిస్తే తలకు పది రూపాయలు. ఒక సభ, నాలుగు ఆటోల మైకు ప్రచారం, రెండు విడతల కరపత్రాలు, ఓటరు స్లిప్పులు, ఏజెంట్ల భోజనాలు, వీటితోనే పరిమితి దగ్గరకు వచ్చేస్తుంది. ఎన్నికల కోసం విడిగా ఒక బ్యాంకు ఖాతా తెరిచి డబ్బంతా దాని నుంచే వెళ్లేలా చూడండి. నామినేషన్ రోజు నుంచి ఖర్చు పుస్తకం రాసే పని లెక్క తెలిసిన ఒక్కరికే అప్పజెప్పి, ప్రతి రాత్రి మీరు సంతకం పెట్టండి. స్నేహితుడు ఉచితంగా ఇచ్చిన కారును, షామియానాను కూడా మార్కెట్ ధరకు రాయాలి. మీరు రాయకపోయినా పరిశీలకుల మనుషులు వీడియో తీసి రాస్తారు, రెండు పుస్తకాలూ కలవనప్పుడు ఇబ్బంది మీకే. అచ్చు వేసిన ప్రతి కరపత్రం మీద ప్రింటర్ పేరు, చిరునామా, ప్రతుల సంఖ్య ఉండాలి. అవి లేని కరపత్రం కట్ట ఒకటి దొరికితే ఫిర్యాదుకు అదే చాలు. ఆధారం లేకుండా 50 వేలకు మించిన నగదును మీ వాహనంలో ఎవరూ తిప్పకూడదు.

ఓటుకు నోటు ఇవ్వకపోతే గెలవలేమని చుట్టూ ఉన్నవాళ్లు నూరిపోస్తారు. అది నేరం. అంతేకాదు, మొదటిసారి పోటీ చేసేవారికి అది తిరిగిరాని డబ్బు. పాత నాయకుల దగ్గర పంపిణీకి ఏళ్లుగా అల్లుకున్న మనుషులున్నారు, మీ డబ్బు మధ్యలోనే ఆగిపోతుంది. ఆ పోటీలోకి దిగకండి.

మహిళా స్థానంలో నిలబడినవారికి ఒక మాట. ఖర్చు పుస్తకం, అఫిడవిట్, ఏజెంట్ల నియామకాలు, అన్నింటి మీదా సంతకం మీదే, కాబట్టి బాధ్యత కూడా మీదే. భర్త లేదా అన్న చూసుకుంటారని ఖాళీ కాగితాల మీద సంతకాలు పెట్టి ఇవ్వకండి.

పోలింగ్, లెక్కింపు

2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో 9,101 పోలింగ్ కేంద్రాలు, డివిజన్‌కు సగటున అరవై. అంటే అరవై మంది ఏజెంట్లు, మధ్యాహ్నం వారి చోట కూర్చోవడానికి మరో అరవై మంది. ఆ బూత్ జాబితాలోనే ఓటున్నవారిని పెట్టండి, ముఖాలు గుర్తుపట్టగలరు. పొద్దున 7 గంటలకు ముందే వాళ్లు చెయ్యాల్సినవి ఇవి: ఖాళీ పెట్టె తెరిపించి చూడటం, సీలు సంఖ్య రాసుకోవడం, ఓటర్ల చేతికి ఇచ్చే రబ్బరు స్టాంపు స్వస్తిక్ గుర్తుదేనా అని కాగితం మీద వేయించి చూడటం. ఈ మూడోది చాలామంది పట్టించుకోరు. 2020లో నేరేడ్‌మెట్ డివిజన్‌లో సిబ్బంది వేరే స్టాంపు ఇచ్చారు. ఆ ఓట్లు చెల్లుతాయా లేదా అన్నది హైకోర్టు దాకా వెళ్లి ఫలితం ఆగిపోయింది. ఒకరి ఓటు అప్పటికే ఎవరో వేసేసి ఉంటే ఆ ఓటరును ఇంటికి పంపకండి, టెండర్ ఓటు, అంటే అలాంటివారికి విడిగా ఇచ్చే బ్యాలెట్ అడిగించండి. పోలింగ్ ముగిశాక బ్యాలెట్ పేపర్ల లెక్క నకలు చేతికి రాకుండా ఏజెంట్ గది వదలకూడదు. ఆ కాగితం లేకపోతే లెక్కింపు రోజు పెట్టెలోని ఓట్లు పోలైనవాటితో సరిపోయాయో లేదో చెప్పలేరు.

లెక్కింపులో బ్యాలెట్లను 25 చొప్పున కట్టలు కడతారు. మీ ఏజెంట్ కట్ట పైకాగితం మీదే చూపు నిలపకూడదు, లోపల ఇంకొకరి ఓటు కలిసిందేమో ప్రతి కట్టలోనూ చూడాలి. చెల్లని ఓట్ల కుప్పలోనే తక్కువ మెజారిటీలు తారుమారవుతాయి. అక్కడ మీ దగ్గరున్న అందరికన్నా ఓపికైన మనిషిని కూర్చోబెట్టండి. మళ్లీ లెక్కించమని అడగాలంటే ఫలితం ప్రకటించకముందే, కారణంతో, రాసి ఇవ్వాలి. తేదీ, పేరు తప్ప మిగతాదంతా నింపిన దరఖాస్తు జేబులో సిద్ధంగా ఉంచుకోండి.

గెలిచాక మొదలయ్యే రెండో ఎన్నిక

ఇక్కడ వ్యవధి ఊరికో రకం. ఆంధ్రప్రదేశ్‌లో 2021 మార్చి 14న చాలా కార్పొరేషన్ల ఫలితాలు వచ్చాయి, 18న మేయర్లను ఎన్నుకున్నారు. జీహెచ్‌ఎంసీలో 2020 డిసెంబర్ 4న ఫలితాలు వస్తే మేయర్ ఎన్నిక 2021 ఫిబ్రవరి 11న జరిగింది. నాలుగు రోజులైతే మాటలన్నీ ముందే అయి ఉండాలి. రెండు నెలలైతే మీతో ఉన్నవాళ్లను అన్నాళ్లూ నిలుపుకోవాలి. క్యాంపు పేరుతో రిసార్టులకు తరలించడం అప్పుడే మొదలవుతుంది.

సంఖ్య లెక్కపెట్టేటప్పుడు కార్పొరేటర్లతో ఆపకండి. 2021లో జీహెచ్‌ఎంసీలో 149 మంది కార్పొరేటర్లు, 44 మంది ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి 193 ఓట్లు. సమావేశం చెల్లడానికి హాజరు కావాల్సిన కనీస సంఖ్య, అంటే కోరం 97. కార్పొరేటర్లలో ఏ పార్టీకీ సొంతంగా మెజారిటీ లేదు, టీఆర్ఎస్ ఎక్స్ అఫీషియో బలంతో, మజ్లిస్ మద్దతుతో పీఠం గెలిచింది. మీ నగరంలో ఏ ఎంపీ, ఏ ఎమ్మెల్సీ ఎక్కడ పేరు నమోదు చేసుకున్నారో ముందే తెలుసుకోండి.

గుర్తింపు పొందిన పార్టీ గుర్తుపై గెలిస్తే విప్, అంటే ఎవరికి ఓటెయ్యాలో పార్టీ ఇచ్చే ఆదేశం మీకు వర్తిస్తుంది. ఓటింగ్ చేతులెత్తే పద్ధతిలో కాబట్టి దాచుకునే వీలు లేదు, విప్ ధిక్కరిస్తే కార్పొరేటర్ పదవే పోతుంది. పార్టీ మీ పేరు కాకుండా మరొకరి పేరు సీల్డ్ కవర్‌లో పంపినా సరే, హాల్లో ఆ పేరుకే చెయ్యెత్తాలి. మీ అభ్యంతరం ఏదైనా కవర్ తెరవకముందే పార్టీ పెద్దలకు చెప్పెయ్యండి.

ఈ హడావుడిలో చాలామంది మరిచేది ఖర్చు లెక్కలు. ఫలితం వచ్చిన 45 రోజుల్లో వోచర్లతో సహా ఇవ్వాలి, లేకపోతే మూడేళ్లు పోటీకి అనర్హులవుతారు. ఓడినవారికీ ఇదే నిబంధన. లెక్కల పుస్తకం ఇచ్చినట్టు తేదీ, ముద్ర ఉన్న రసీదు తీసుకుని నామినేషన్ ఫైల్‌లోనే పెట్టండి.