ట్రాక్ మీద మొదటి రౌండు మోసం చేస్తుంది

వారానికి నాలుగు రోజులు పరిగెత్తుతున్నా మీ 10కె (పది కిలోమీటర్ల పరుగు) టైము గంట దగ్గరే ఆగిపోయిందా? అయితే వారంలో ఒక్క రోజు ట్రాక్‌కి వెళ్లండి. మొదట్లోనే రెండు రోజులు పెట్టుకుంటే స్పీడు పెరగడం మాట అటుంచి పిక్కలు పట్టేస్తాయి. ఆదివారం లాంగ్ రన్ చేసేవాళ్లకి బుధవారం బాగుంటుంది, ఆలోపు కాళ్లు కాస్త తేరుకుంటాయి.

ముందు లెక్క చూద్దాం. లోపలి లేన్‌లో ఒక రౌండు 400 మీటర్లు. ఎనిమిదో లేన్‌లో అదే రౌండు 450 దాటుతుంది, కాబట్టి బయటి లేన్‌లో పరిగెత్తి టైము రావట్లేదని బెంగపడకండి. గంటలో 10కె అంటే రౌండుకి 2 నిమిషాల 24 సెకన్లు. మీ ఇంటర్వెల్స్, అంటే మధ్యమధ్యలో తేరుకుంటూ వేగంగా పరిగెత్తే రౌండ్లు, ఒక్కోటి 2:15లో వస్తే చాలు. అంతేనా అనిపిస్తుంది, నాకూ అలాగే అనిపించింది! మొదటిసారి వెళ్లిన రోజు తొలి రౌండు 1:50లో లాగేసి వాచీ చూసుకుని తెగ మురిసిపోయాను, నాలుగో రౌండుకి 2:40 అయింది, ఐదోది సగంలో ఆపేసి రొప్పుతూ ఫెన్సింగ్ పట్టుకుని కూలబడ్డాను.

అందుకే 200 మీటర్ల గీత దగ్గర ఒకసారి టైము చూడండి. 1:07 ఉంటే సరిగ్గా వెళ్తున్నట్టు, నిమిషం లోపే అక్కడికి వచ్చేస్తే వెంటనే తగ్గించండి. వాచీలోని జీపీఎస్‌ని నమ్ముకోవద్దు, మలుపుల్లో అది దూరం తప్పు చూపిస్తుంది. గీత దాటగానే ల్యాప్ బటన్ మీరే నొక్కడం మేలు.

వెళ్లగానే పరుగు అందుకోకండి. పావుగంట నెమ్మదిగా జాగింగ్, తర్వాత ట్రాక్‌లో మలుపు లేని స్ట్రెయిట్‌లో 80 మీటర్ల చొప్పున నాలుగుసార్లు కాస్త వేగంగా, అంతే తప్ప స్ప్రింట్ కాదు. ఇక 400 చొప్పున ఆరు రౌండ్లు, ప్రతి రౌండు తర్వాత 200 మీటర్లు నెమ్మదిగా జాగింగ్. అది కష్టమైతే నడవండి, నామోషీ ఏమీ లేదు. ఆరోది అయ్యాక ‘ఇంకొకటి చేయగలను’ అనిపించాలి, అనిపించినా చేయొద్దు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో 5,000, 10,000, మారథాన్ మూడూ గెలిచిన ఎమిల్ జటోపెక్ ఇవే 400లు పదుల కొద్దీ చేసేవాడు, కానీ పొద్దున్నే ఆఫీసుకి పరిగెత్తాల్సిన మనకి ఆరు చాలు.

మూడు వారాలు ఆరూ ఇంచుమించు ఒకే టైములో వచ్చాకే ఎనిమిదికి వెళ్లండి. రౌండ్లు పెంచిన వారం స్పీడు పెంచకండి. మోకాలి కింద ముందువైపు ఎముక వెంట నొప్పి మొదలైతే మాత్రం ఆ రోజుకి అక్కడితో ఆపేయాల్సిందే.

దగ్గర్లో ట్రాక్ లేదా? ట్రాఫిక్ లేని చదునైన రోడ్డు చూసుకుని రెండు నిమిషాలు గట్టిగా, రెండు నిమిషాలు నెమ్మదిగా, అలా ఆరుసార్లు.