స్లాబుకు సున్నం: చంద్రపూర్ ఎండల్లో పై గది చల్లబడాలంటే

మహారాష్ట్రలోని చంద్రపూర్, బల్లార్షా, రాజురా వైపు మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. పగలంతా కాగిన స్లాబు ఆ వేడిని పొద్దుగూకాక ఇంట్లోకి వదులుతుంది. కూలర్ తిరుగుతున్నా పై గదిలో నిద్ర పట్టనిది అందుకే. స్లాబుకు తెల్లగా సున్నం కొడితే గదిలో 2 నుంచి 5 డిగ్రీల దాకా తగ్గే వీలుంది. ఈ లాభం పై అంతస్తుకే, కింది వాటాల వాళ్లకు పెద్దగా తేడా తెలియదు.

హోళీ అయిన వెంటనే పని పెట్టుకోండి. 400 చదరపు అడుగుల స్లాబుకు మూడు పలుచటి పూతలు వేయాలంటే సుమారు 15 కిలోల రాతి సున్నం, 75 లీటర్ల నీళ్లు, 300 గ్రాముల తుమ్మ జిగురు కావాలి. గరుకు స్లాబు ఇంకాస్త తాగుతుంది. బజారులో చునా అనడిగితే ఇస్తారు. గడ్డలుగా ఉన్నదే తీసుకోండి, గాలి తగిలి పొడైపోయినదానికి పట్టు ఉండదు.

ఇనుప డ్రమ్ములో ముందు నీళ్లు పోసి, గడ్డలు కొద్దికొద్దిగా వేయాలి. సున్నం మీద నీళ్లు కుమ్మరించారంటే మరిగి ముఖం మీదికి చిమ్ముతుంది. ప్లాస్టిక్ బకెట్ ఆ వేడికి మెత్తబడి సాగుతుంది. కళ్లద్దాలు, రబ్బరు గ్లౌజులు లేకుండా దగ్గరికి పోవద్దు, పిల్లల్ని అసలే రానివ్వద్దు. ఒక రోజంతా నాననిచ్చి ముతక గుడ్డలో వడగట్టండి. జిగురును వేడినీళ్లలో కరిగించి అప్పుడు కలపండి. గోడలకు కలిపినట్టు నీలిమందు మాత్రం కలపొద్దు. చూపుకు బాగుంటుందేమో గాని, ఎండను తిప్పికొట్టే గుణం తగ్గుతుంది.

ఈలోగా స్లాబు ఊడ్చి, నాచు గీకి, కడగండి. పగుళ్లుంటే ముందే పూడ్చి వారం ఆరనివ్వాలి. నీళ్లు నిలిచే గుంతలను సరిచేయకపోతే సున్నం మొదట ఊడేది అక్కడే.

ఎక్కువమంది పని చెడగొట్టుకునేది పూత దగ్గరే. మిట్టమధ్యాహ్నం కాలే స్లాబు మీద కొడితే నిమిషాల్లో ఎండిపోతుంది, మర్నాడు చెయ్యి పెడితే పొడి అంటుతుంది. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని సున్నం గట్టిపడాలి, దానికి తడి ఉండాలి. కాబట్టి సాయంత్రం స్లాబును తడిపి, నీళ్లు ఇంకాక పలుచగా ఒక పూత వేయండి. మర్నాడు సాయంత్రం అడ్డంగా రెండోది, ఆ తర్వాతి రోజు మూడోది. చివరి పూత ఆరాక రెండు మూడు రోజులు పొద్దునా సాయంత్రం నీళ్లు చిలకరించండి. ఒకే చిక్కటి పూతతో ముగిద్దామనుకుంటే పెచ్చులు లేస్తుంది.

గనులు, థర్మల్ ప్లాంటు దగ్గరి వాడల్లో ఇంకో బాధ ఉంది: బొగ్గు దుమ్ము. తెలుపు మాసిందంటే సున్నం కొట్టిన ఫలితం అంతకంతకు తగ్గిపోతుంది. పదిహేను రోజులకోసారి మెత్తటి చీపురుతో కడగాలి. గీకొద్దు, పూత లేచిపోతుంది. ఆ నీళ్లు తాగునీటి సంపులోకి పోకుండా గొట్టం మళ్లించండి.

రేకుల ఇళ్లకు ఈ పద్ధతి పనికిరాదు. తడి సున్నం జింకు పూతను తినేస్తుంది. ప్రైమర్ వేసి, ఎండను తిప్పికొట్టే తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ కొట్టించడమే మేలు. సిమెంటు రేకులైతే ఎక్కొద్దు, విరుగుతాయి. పాతవాటిని బ్రష్షుతో రుద్దినా ఆస్‌బెస్టాస్ పీచు లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. గూన పెంకుల జోలికి పోనక్కర్లేదు, సందుల్లోంచి గాలి ఆడుతూనే ఉంటుంది.

వాడలో నలుగురైదుగురు కలిస్తే ఒకే డ్రమ్ము సరిపోతుంది. మొదట అంగన్‌వాడీ స్లాబుకు కొట్టండి, పగటిపూట పిల్లలుండేది అక్కడే. పొరుగున తెలంగాణలో 2023లోనే కూల్ రూఫ్ పాలసీ వచ్చింది, గ్రామపంచాయతీలో అడిగేటప్పుడు ఆ మాట చెప్పొచ్చు.

ఫలితం చూడాలంటే రాత్రి ఎనిమిదింటికి స్టూలెక్కి లోకప్పుకు అరచెయ్యి ఆనించండి, తర్వాత సున్నం కొట్టని గదిలోనూ అలాగే చూడండి. వానలకు పూత చాలావరకు కొట్టుకుపోతుంది. మళ్లీ వేయాల్సింది వచ్చే హోళీకే.