పిల్లలతో ఆధునిక కళా మ్యూజియం చూడటం ఎలా?

ఆధునిక చిత్రం ముందు తడబడేది పెద్దవాళ్లమే. "దీని అర్థం ఏమిటి?" అని మనం తల పట్టుకుంటాం. పిల్లలు "ఈ ఎర్ర రంగు కిందికి ఎందుకు కారింది?" అని అడుగుతారు. ఆ రెండో ప్రశ్నే సరైనదని నా నమ్మకం. అందుకే అక్కడ మన పని పాఠం చెప్పడం కాదు, ఇలాంటి ప్రశ్నలకు తీరిక కల్పించడం.

బయలుదేరే ముందు

మ్యూజియం వెబ్‌సైటు తెరిచి, ఇప్పుడు ఏవి ప్రదర్శనలో ఉన్నాయో పిల్లలతో కలిసి చూడండి. ఐదారింటిని వాళ్లనే ఎంచుకోనివ్వండి. ఫోనులో అరచేతిలో ఇమిడిన బొమ్మ అక్కడ గోడంతా పరుచుకుని కనిపించినప్పుడు వాళ్ల కళ్లు చూడాలి! ఫ్రెంచ్ చిత్రకారుడు మాటిస్ 1953లో చేసిన 'నత్త' అనే చిత్రం తెరమీద గుప్పెడు రంగు కాగితాల్లా ఉంటుంది. అసలుదానికి ఒక్కో వైపు దాదాపు 2.87 మీటర్లు. చిన్నపిల్లలు చూడకూడని గదులేమైనా ఉన్నాయేమో కూడా ముందే కనుక్కోండి.

చిన్న నోటుపుస్తకం, పెన్సిలు చాలు. చాలాచోట్ల పెన్నులు, తడి రంగులు లోపలికి రానివ్వరు. వీపుకు తగిలించుకునే సంచి వెనక్కి తిరిగినప్పుడు దేనికైనా తగలవచ్చు కాబట్టి దాన్ని బయటే అప్పగించండి.

ముట్టుకోకూడదని చెప్పడం

ఊరికే "ముట్టుకోకు" అంటే పిల్లలకు చేతులు మరింత దురద పెడతాయి. ఇంట్లో అద్దం మీద వేలు ఆనించి తీయమనండి. మచ్చ పడుతుంది. చర్మానికి ఉండే జిడ్డు, చెమట చిత్రానికీ అలాగే అంటుకుంటాయనీ, దాన్ని అద్దంలా గుడ్డతో తుడిచేయడం కుదరదనీ చెప్పండి. కారణం తెలిస్తే వాళ్లే కాపలా కాస్తారు. చేయి చాచినా అందనంత దూరంలో నిలబడటం అలవాటు చేయండి. అమెరికన్ శిల్పి కాల్డర్ వేలాడదీసిన రేకుల శిల్పాల్లాంటివి గాలికే మెల్లగా కదులుతాయి. వాటిని ఊదాలనిపిస్తుంది, ఊదకూడదు. ఓపికగా నిలబడితే అవే తిరుగుతాయి.

చిత్రం ముందు నిలబడ్డాక

ముందుగా ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం చూడండి. పక్కనున్న వివరాల చీటీ చదవకండి. ఆ తర్వాత "ఏం కనిపిస్తోంది?" అని అడగండి. పిల్లలు ఏం చెప్పినా సరే, "ఏం చూసి అలా అనిపించింది?" అని రెండో ప్రశ్న వేయండి. నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నే ప్రాణం. జవాబు వెతుకుతూ పిల్లలు మళ్లీ చిత్రంలోకి వెళతారు, మొదటిసారి చూడనిది చూస్తారు.

తర్వాత, ఎలా చేసి ఉంటారో ఊహించమనండి. పికాసో 1942లో చేసిన 'ఎద్దు తల' శిల్పం ఏ వస్తువులతో తయారైందో మీరు చెప్పేయకండి. సైకిలు సీటు, హ్యాండిల్ అని పిల్లలు తామే కనిపెట్టినప్పటి సంతోషాన్ని మనం లాక్కోకూడదు. అమెరికన్ చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1947 నుంచి కాన్వాసును నేలమీద పరిచి, చుట్టూ తిరుగుతూ రంగును చిలకరించేవాడు. అలాంటి చిత్రమైతే ఒక గీతను ఎంచుకుని, చేయి ఎటు నుంచి ఎటు వెళ్లిందో గాలిలో చూపించమనండి. చీటీ చదవాల్సింది ఇవన్నీ అయ్యాకే.

"ఇది నేనూ గీయగలను" అని తప్పకుండా అంటారు. కోప్పడకండి, నవ్వకండి. "అయితే గీసి చూపించు, ఏ గీతతో మొదలుపెడతావు?" అని పెన్సిలు అందించండి. డచ్ చిత్రకారుడు మోండ్రియాన్ గీసిన నిలువు, అడ్డ గీతల చిత్రం ముందు ఇది చేయించి చూడండి. ఒక్క గీత పక్కకు జరిగితే మొత్తం ఒకవైపు ఒరిగినట్టు ఎందుకు అనిపిస్తుందో చేతికే అర్థమవుతుంది. "నాకు నచ్చలేదు" అన్నా అది మంచి జవాబే. ఎక్కడ నచ్చలేదో వేలితో దూరం నుంచి చూపించమనండి.

ఎప్పుడు బయటికి రావాలి

చిన్నపిల్లలకు గంట చాలు. ఎంచుకున్నవన్నీ చూడలేకపోయినా పరవాలేదు. కాళ్లు నొప్పి పుట్టాక చూసినవి మనసుకెక్కవు.

ఇంటికి వచ్చాక

1941లో పెద్ద శస్త్రచికిత్స జరిగాక మాటిస్‌కు ఎక్కువసేపు నిలబడి గీయడం కష్టమైంది. సహాయకులు రంగు పూసిచ్చిన కాగితాలను ఆయన కత్తెరతో కత్తిరించేవాడు. పిల్లల చేత కూడా ఒక కాగితం నిండా రంగు వేయించి, ఆరాక, పెన్సిలుతో గీసుకోకుండా నేరుగా ఆకుల్లాంటి ఆకారాలు కత్తిరించమనండి. ఆకు వంకరగా వస్తే రానివ్వండి. వెంటనే జిగురు ఇవ్వకండి. మాటిస్ ఆ ముక్కలను గోడకు గుండుసూదులతో గుచ్చించి, చోట్లు మార్పించుకుంటూ చూసుకునేవాడు. పిల్లలను కూడా ముక్కలు నేలమీద పరుచుకుని, అటూ ఇటూ జరుపుకోనివ్వండి. "ఇక ఇలాగే ఉండాలి" అని వాళ్లు అన్నప్పుడు జిగురు అందించండి.