పాత ఫ్యాషన్ ప్రకటన ఏ కాలానిదో తేల్చడం ఎలా

హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల్లో, అట్టలూడిన విదేశీ పత్రికల మధ్య, అప్పుడప్పుడు ఒక దుస్తుల ప్రకటన విడి కాగితంగా దొరుకుతుంది. దాని మీద తేదీ ఉండదు. అలాంటప్పుడు చాలామంది గౌను పొడవు చూసి దశాబ్దం చెప్పేస్తారు. నేనూ అలాగే, మోకాలు దాటి కిందికి దిగిన స్కర్టును చూసి 1930ల నాటిదని రాసిపెట్టుకున్న ఒక అమెరికన్ కాగితం మీద, ఏడాది తర్వాత అడుగున ఐదంకెల జిప్ కోడ్ కనిపించి నాలుక కరుచుకున్నాను. ఆ కోడ్ 1963 జులైలో గానీ అమలులోకి రాలేదు. పాతదాన్ని మళ్లీ తెచ్చి కొత్తదిగా అమ్మడం ఫ్యాషన్‌కు అలవాటే కాబట్టి, దుస్తులను చివరికి వదిలి కాగితం అంచుల నుంచి మొదలుపెట్టడం మంచిది.

మొదట చిరునామా, ధర చదవాలి. బ్రిటన్ ప్రకటనలో షిల్లింగులు కనిపిస్తే అది 1971 ఫిబ్రవరిలో దశాంశ నాణేలు రావడానికి ముందుది. మన దేశపు మిల్లు బట్టల ప్రకటనలకూ ఇదే పద్ధతి పనికొస్తుంది: ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుదో, ఆ మార్పు ఇంకా కుదుటపడని రోజులదో అయివుంటుంది, చిరునామా చివర ఆరంకెల పిన్ కోడ్ ఉంటే 1972 ఆగస్టు తర్వాతిది.

తర్వాత బట్ట పేరు చూడాలి. రేయాన్ అనే పేరు అమెరికాలో 1924లో స్థిరపడింది. అంతకుముందు దాన్ని కృత్రిమ పట్టు అనే అమ్మేవారు. మన దుకాణాల్లో ఆర్ట్ సిల్క్ అనే మాట ఇప్పటికీ వినబడుతుంది కనుక ఈ ఆధారాన్ని ఇక్కడి ప్రకటనలకు వాడకూడదు. నైలాన్‌ను డ్యూపాంట్ సంస్థ 1938లో ప్రకటించి, ఆ మేజోళ్లను 1940 మే 15న అమెరికా అంతటా అమ్మకానికి పెట్టింది. మూలన ఉన్ని ఉండలాంటి గీతల వూల్‌మార్క్ గుర్తు ఉంటే ఆ కాగితం 1964కు ముందుది కాదు.

ఇప్పుడు భూతద్దం తీసుకుని బొమ్మను చూడాలి. ఈ పనిలో ఎక్కువ సమయం పట్టేదీ, నాకు అన్నింటికన్నా ఇష్టమైనదీ ఇదే. రంగు ఎక్కడా అచ్చు యంత్రం వేసే సన్నటి చుక్కలుగా విడిపోకుండా, చేత్తో పూసినట్టు చదునుగా ఉంటే, స్టెన్సిల్ పెట్టి ఒక్కో రంగూ విడిగా అద్దిన పోష్వార్ పద్ధతి అయివుండవచ్చు; 1912 నుంచి 1925 వరకు పారిస్‌లో వెలువడిన గజెట్ ద్యు బోన్ తోన్ పత్రిక ఈ పనితనానికి పేరుపొందింది. చుక్కలు కనిపించినా, వాటి వెనుక ఏటవాలుగా సాగిన వెడల్పాటి కుంచె గీతలు తెలుస్తుంటే, అచ్చుకు మూలం తైలవర్ణ చిత్రమన్నమాట. విడిగా తగిలించుకునే కాలర్లు అమ్మిన యారో సంస్థ కోసం జె.సి. లేయెండెకర్ 1905 నుంచి పాతికేళ్లకు పైగా గీసిన యువకులను ఆ గీతల వల్లనే దూరం నుంచి కూడా గుర్తుపట్టవచ్చు. గట్టి గడ్డం, పక్కకు తిప్పిన చూపు, మెడను నిటారుగా పట్టి ఉంచే తెల్లటి కాలర్: ఆ బొమ్మలోని మనిషికి అభిమానుల ఉత్తరాలు వచ్చేవట.

ఫొటో ఉందంటే కొత్తదనీ, గీసిన బొమ్మ ఉందంటే పాతదనీ అనుకోవడం తొందరపాటు. పారిస్ డిజైనర్ పాల్ ప్వారే కుట్టించిన గౌన్లను ఎడ్వర్డ్ స్టైకెన్ తీసిన ఫొటోలు 1911లోనే ఒక ఫ్రెంచ్ పత్రికలో వచ్చాయి. అదే స్టైకెన్ తీసిన రంగుల ఫొటో ఫ్యాషన్ పత్రిక వోగ్ ముఖచిత్రంగా రావడానికి మాత్రం 1932 జులై దాకా పట్టింది. మరోవైపు, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కూడా పారిస్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ పరిమళాల ప్రకటనలను రెనే గ్రువో కుంచెతోనే గీశాడు.

యుద్ధకాలపు బ్రిటిష్ కాగితాలను తేల్చడం సులభం. అక్కడ 1941 జూన్ నుంచి 1949 మార్చి వరకు బట్టలకు రేషన్ ఉండేది కాబట్టి ధర పక్కన ఎన్ని కూపన్లు కావాలో కూడా అచ్చువేసేవారు. ముక్క కోసిన చక్రాల్లాంటి రెండు సీ అక్షరాలు, పక్కన 41 అంకె ఉంటే అది ప్రభుత్వ యుటిలిటీ దుస్తుల గుర్తు. కూపన్లు లెక్కపెట్టుకుంటున్న ఆ రోజుల్లోనే, 1947 ఫిబ్రవరి 12న, డియోర్ గజాల కొద్దీ బట్ట పట్టే వెడల్పాటి స్కర్టులను పారిస్‌లో ప్రదర్శించాడు. అందుకే పొడవాటి స్కర్టూ కూపన్ల అంకే ఒకే కాగితం మీద కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

చివరగా, మాటలెన్ని ఉన్నాయో చూడాలి; కాలం గడిచేకొద్దీ అవి తగ్గుతూ వచ్చాయి. 1951లో ప్రకటనల రచయిత డేవిడ్ ఓగిల్వీ హాథవే చొక్కాల కోసం తయారుచేసిన ప్రకటనలో ఒక కంటికి నల్లటి పట్టీ కట్టుకున్న మీసాల పెద్దమనిషి నిలబడి ఉంటాడు. కింద బట్ట గురించీ కుట్టు గురించీ పేరాలకు పేరాలు ఉంటాయి. ఆ పట్టీని ఓగిల్వీ ఫొటో తీయడానికి వెళ్తూ దారిలో కొన్నాడు. ఆ కంటికి ఏమైందోనన్న కుతూహలంతోనే పాఠకులు కిందిదాకా చదివేవారు. 1980లో కాల్విన్ క్లైన్ జీన్స్ కోసం రిచర్డ్ అవెడాన్ తీసిన టీవీ ప్రకటనల్లో తనకూ ఆ జీన్స్‌కూ మధ్య ఏమీ లేదంటూ పదిహేనేళ్ల బ్రూక్ షీల్డ్స్ చెప్పిన ఒక్క వాక్యం చాలింది. వాటిలో కొన్నింటిని వేయబోమని కొన్ని టీవీ స్టేషన్లు నిరాకరించాయి. ఒక బాలికతో అలాంటి మాట పలికించడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. 1991 నాటికి దుస్తుల కంపెనీ బెనెటన్ కోసం ఫొటోగ్రాఫర్ ఒలీవియెరో తోస్కానీ, బొడ్డుతాడు ఇంకా తెగని పసిబిడ్డ ఫొటోను పోస్టరుగా వేశాడు. అందులో దుస్తులే లేవు, ఆకుపచ్చ దీర్ఘచతురస్రంలో కంపెనీ పేరు తప్ప.

ఇవన్నీ అయ్యాక దుస్తులను చూసి, కాగితాన్ని తిప్పి వెనుకవైపు చదవాలి. నా జిప్ కోడ్ కాగితం వెనుక 1967 మోడల్ కారు ప్రకటన సగం ముక్క ఉంది. అమెరికాలో కొత్త మోడళ్లు సాధారణంగా అంతకుముందు ఏడాది శరదృతువులోనే మార్కెట్‌కు వస్తాయి కనుక, పాత రాత కొట్టేసి, కవరు మీద పెన్సిల్‌తో 1966 చివర నుంచి 1967 మధ్య అని రాసుకున్నాను.