గాఢమైన బీరుకు ఈస్ట్ స్టార్టర్ తయారుచేసుకునే విధానం

పాలు తోడుపెట్టేటప్పుడు పెరుగు కాస్త తగ్గినా, ఆలస్యంగానైనా తోడుకుంటుంది. బార్లీ వైన్, ఇంపీరియల్ స్టౌట్ వంటి గాఢమైన బీర్లకు ఆ వెసులుబాటు లేదు. చక్కెర దండిగా ఉన్న వర్ట్‌లో (బీరుగా పులియాల్సిన తీపి మాల్ట్ ద్రవంలో) చాలీచాలని ఈస్ట్ వేస్తే, కణాలు ఆ ఒత్తిడికి, తామే పుట్టించిన ఆల్కహాల్‌కు తట్టుకోలేక నీరసిస్తాయి. పులియడం మధ్యలోనే ఆగిపోయి, తీపి తగ్గని బీరు మిగులుతుంది. అందుకే ముందుగా తోడును పెంచుకోవాలి. దానినే స్టార్టర్ అంటారు. ఇది అమెరికాలోని తెలుగువారిని ఉద్దేశించి రాస్తున్నది. అక్కడ 1978 నాటి ఫెడరల్ చట్టం సొంత వాడకానికి ఇంట్లో బీరు తయారీని అనుమతించింది. తెలుగు రాష్ట్రాల్లో లైసెన్సు లేకుండా చేయడం నేరం.

మొదట లెక్క చూసుకోవాలి. ఏల్ రకాలకు (గది వేడికి దగ్గరగా పులిసే బీర్లకు) ఒక మిల్లీలీటరు వర్ట్‌లో ప్రతి డిగ్రీ ప్లేటోకు (వర్ట్‌లోని చక్కెర శాతాన్ని తెలిపే కొలతకు) 7.5 లక్షల కణాలు ఉండాలన్నది వాడుకలో ఉన్న ప్రమాణం. 1.090 గ్రావిటీ (నీటితో పోలిస్తే వర్ట్ సాంద్రత) అంటే దాదాపు 21.5 డిగ్రీల ప్లేటో కనుక, 19 లీటర్లకు సుమారు 30,000 కోట్ల కణాలు కావాలి. ద్రవరూప ఈస్ట్ ప్యాకెట్లలో చాలావాటిలో తయారైన నాటికి ఉండేవి సుమారు 10,000 కోట్లు మాత్రమే, అవి కూడా నిల్వలో వారం వారం తగ్గుతూ పోతాయి. పొడి ఈస్ట్ వాడేవారికి స్టార్టర్ అవసరం లేదు, రెండు ప్యాకెట్లు వేసుకుంటే సరిపోతుంది.

బలమైన బీరుకు బలమైన స్టార్టరే కావాలనుకోవడం సహజమే గానీ, అది పొరపాటు. మొదట్లో నేనూ అలాగే చిక్కటి వర్ట్‌తో చేసి, ఈస్ట్‌ను పని మొదలుకాకముందే అలసిపోయేలా చేశాను. స్టార్టర్‌లో మనకు కావలసింది బీరు కాదు, ఆరోగ్యమైన కణాలు, వాటికి 1.040కి మించని పలుచని వర్టే హితం. 200 గ్రాముల డ్రై మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్‌ను (వర్ట్‌ను ఎండబెట్టి చేసిన పొడిని) నీటిలో కలిపి, మొత్తం 2 లీటర్లు అయ్యేలా చూసుకుని, చిటికెడు ఈస్ట్ న్యూట్రియెంట్ వేసి 10 నుంచి 15 నిమిషాలు మరిగించాలి. ఈ వర్ట్ పాలలాగే ఒక్కసారిగా పొంగుతుంది కనుక, పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. తరువాత గిన్నెను చల్లటి నీటిలో ఉంచి 20 నుంచి 22 డిగ్రీల సెల్సియస్‌కు చల్లార్చి, శానిటైజర్‌తో శుభ్రం చేసిన ఫ్లాస్క్‌లో పోసి, ఈస్ట్ కలపాలి. మూతి బిగించకుండా అల్యూమినియం ఫాయిల్‌ను వదులుగా కప్పాలి. కణపొరకు అవసరమైన స్టెరాల్స్ తయారుచేసుకోవడానికి ఈస్ట్‌కు ఆక్సిజన్ కావాలి. ఎయిర్‌లాక్ (లోపలి వాయువును వదిలి, బయటి గాలిని రానివ్వని మూత) పెడితే ఆ గాలి అందదు. స్టిర్ ప్లేట్ (అయస్కాంతంతో ద్రవాన్ని తిప్పుతూ ఉండే పరికరం) ఉంటే రోజున్నరలో కణాలు తగినంతగా పెరుగుతాయి. లేకపోతే అటుగా వెళ్ళిన ప్రతిసారీ ఫ్లాస్క్‌ను గుండ్రంగా తిప్పుతూ, రెండు రోజులు ఆగాలి. ప్యాకెట్ పాతదైతే, అడుగున చేరిన ఈస్ట్‌కు మరో 2 లీటర్ల కొత్త వర్ట్ పోసి మళ్ళీ పెంచాలి.

పని ముగిశాక ఫ్లాస్క్‌ను ఒకటి రెండు రోజులు ఫ్రిజ్‌లో ఉంచితే ఈస్ట్ మీగడరంగు పొరగా అడుగున పేరుకుంటుంది. శనివారం బీరు కాయదలచినవారు మంగళవారమే స్టార్టర్ మొదలుపెట్టడం మంచిది. కాచే రోజున పైన తేరిన ద్రవాన్ని వాసన చూడాలి. రొట్టె వాసన, తేలికపాటి బీరు వాసన వస్తే అది బాగున్నట్టే. పుల్లని వెనిగర్ వాసన వస్తే, ఎంత కష్టపడి చేసినా పారబోయాలి. 19 లీటర్ల వర్ట్‌ను దానికి బలి చేయకూడదు. బాగుంటే తేటను వంపేసి, అడుగున కొద్దిగా ఉంచి, ముద్దను అందులో కలిపి, గది ఉష్ణోగ్రతకు తెచ్చి, చల్లారిన వర్ట్‌లో పోయాలి. అంతకుముందే ఆ వర్ట్‌కు ఆక్సిజన్ బాగా పట్టించాలి. గాఢమైన వర్ట్‌లో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కనుక ఊరికే కుదిపితే చాలదు. ఇంత ఈస్ట్ పడిన బీరు తొలి రెండు రోజుల్లో నురుగు కక్కుతూ పొంగుతుంది కాబట్టి, ఫర్మెంటర్‌లో (బీరు పులిసే పాత్రలో) నాలుగో వంతైనా ఖాళీ వదిలి, ఎయిర్‌లాక్‌కు బదులు లావుపాటి గొట్టాన్ని అమర్చి, దాని రెండో కొసను శానిటైజర్ నీటిలో ముంచి ఉంచాలి.